చెవి అందిన వయసు

లండన్, ఒంటారియో, కెనడా
మే 3, 2025

బ్రదర్ సంతోషం గారికి జ్ఞానసుందరి వందనాలు.

మన సంఘం పెద్దల యూరప్ టూరు పట్టిక అందింది. ప్రాగ్ నుంచి లిబెరెత్స్‌కు ఒకరోజు ప్రయాణం ఉంది గానీ అందులో నా పేరు లేదు. నేను టూరుకు వస్తున్నదే ఆ ఊరి కోసం. ఇక్కడి హాస్పిటల్ వంటగదిలో ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడి కూరగాయలు తరిగిన హానాది ఆ ఊరు. కొండల కింద పాత ఊరట, నడుమ టౌన్ హాలు, దానికో బురుజు. "నా బదులు నువ్వొకసారి ఆ మెట్లెక్కు" అని పోయే ముందు అడిగింది. ఎక్కుతానన్నాను. నా పేరు చేర్చండి.

ఇట్లు,
జ్ఞానసుందరి

తా.క. వాట్సాప్ చెల్లదన్నారు కాబట్టి ఉత్తరం. మా వీధిలో పోస్టు డబ్బా ఎక్కడుందో ఇన్నేళ్లకు తెలిసింది.


ఓక్‌విల్
మే 9

ప్రభువునందు ప్రియ సహోదరి జ్ఞానసుందరి గారికి,

డెబ్బై దాటినవారికి లిబెరెత్స్ లేదు. ఇది కమిటీ తీర్మానం. పాస్‌పోర్టు ప్రకారం మీకు డెబ్బై ఒకటి. అక్కడ మెట్లు, కొండగాలి. ఆ రోజు మీరు హోటల్లోనే ఉండి బైబిల్ క్విజ్‌లో పాల్గొనవచ్చు.

మీ క్షేమం కోరే,
సంతోషం, కన్వీనర్

తా.క. క్విజ్‌లో గెలిచినవారికి పులిహోర మారు వడ్డిస్తాం.


లండన్
మే 14

సంతోషం గారికి,

నాకు అరవై తొమ్మిదే. ఆ రోజుల్లో బడిలో పిల్లల వయసు ఎలా చూసేవారో మీకూ తెలుసు, మా ఊరి రాఘవయ్య మాస్టారూ అంతే. కుడి చెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందితే ఐదేళ్లు నిండినట్టే. నావి పొడుగు చేతులు. మూడేళ్లకే అందింది, ఐదని రాసేశారు. ఆ రెండేళ్ల పుణ్యమా అని పదహారో ఏటే పద్దెనిమిది నిండాయని పెళ్లి చేశారు. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను.

జ్ఞానసుందరి

తా.క. పులిహోర మా ఇంట్లో కూడా చేస్తాం.


ఓక్‌విల్
మే 20

సహోదరి గారికి,

మీ పాస్‌పోర్టులో ఉన్నది అబద్ధమని మీ చేత్తోనే రాశారు. కమిటీ అత్యవసరంగా కూడింది. క్షమాపణ పత్రం పంపకపోతే లిబెరెత్స్ కాదు కదా, టూరులోనే మీకు చోటు లేదు.

విచారంతో,
సంతోషం, కన్వీనర్

తా.క. నాకు అరవై ఏడు. చంద్రుడి మీద మనిషి దిగిన వార్త కాలేజీ హాస్టల్ రేడియోలో విన్న తరం మాది. మేం వయసు దగ్గర అబద్ధమాడం.


లండన్
మే 25

సంతోషం గారికి,

క్షమాపణ రాయను. ఆ తప్పు చేసింది నా చెయ్యి, అది కూడా మూడేళ్ల వయసులో.

చంద్రుడి మీద దిగింది అరవై తొమ్మిదిలో. మీ కాగితం ప్రకారం అప్పటికి మీకు పదకొండో పన్నెండో. ఆ వయసుకే కాలేజీ హాస్టల్లో వేశారా? పదహారనుకున్నా ఇప్పుడు మీకు డెబ్బై రెండు. ఉద్యోగం ఎక్కువ కాలం చేయాలని తగ్గించి రాయించుకున్నారేమో. నన్ను ఆపితే మీరూ ఆగాలి. హోటల్లో క్విజ్ ఇద్దరం ఆడదాం.

జ్ఞానసుందరి

తా.క. ఈ ఉత్తరం కాపీ కమిటీకి ఇంకా పంపలేదు. కవరు మీద అడ్రసు మాత్రం రాసి పెట్టాను.


ఓక్‌విల్
మే 31

జ్ఞానసుందరి గారికి,

మీ పేరు చేర్చాం. వయసు నిబంధన ఎత్తేశాం. కాపీ పంపినా ఇబ్బంది లేదు. కమిటీలో ఏడుగురం ఉంటే ఐదుగురం జూలై ఒకటినే పుట్టాం. మా మాస్టార్లందరికీ ఆ తేదీయే నచ్చింది.

నిజం చెబుతాను. నా మోకాళ్లు ఆ మెట్లకు రావు. డెబ్బై ఒకటి ఉన్న మీరు చకచకా ఎక్కేసి, అరవై ఏడు ఉన్న నేను కింద బెంచీ మీద కూర్చుంటే నలుగురూ లెక్క వేస్తారని భయపడ్డాను. అందుకే ఆ తీర్మానం. మన్నించండి.

మీ సోదరుడు,
సంతోషం

తా.క. మీ లెక్క తప్పింది, డెబ్బై రెండు కాదు. ఆ రేడియో విన్నప్పటికి హాస్టల్లో నాకది మూడో ఏడు. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకోండి. మీవి పొడుగు చేతులు కదా.