వాగు మీద కాలనీ

మంగళవారం, రాత్రి

ఇవాళ స్కూల్లో పాత బీరువా సర్దుతుంటే మా దర్శి వైపు పల్లెల పాత సర్వే మ్యాప్ దొరికింది. పిల్లలకు పాఠంలో పనికొస్తుందని బల్ల మీద పరిచాను. మా కాలనీ ఉండాల్సిన చోట నీలం గీతతో ఒక వాగు ఉంది.

పోయిన నెల వానకు ఇళ్ళలోకి అన్ని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో నాకు అంతుబట్టలేదు. గోడ కూలి ఏసమ్మత్త పోయింది. దేవుడి చిత్తం అనుకుని ఊరుకున్నాం.

సాయంత్రం మ్యాప్ తీసుకుని మామయ్య దగ్గరికి వెళ్ళాను. అత్త పోయాక ఆయన పత్తి చేలవైపే వెళ్ళడం లేదు. నీలం గీత చూపించాను.

"తెలుసమ్మా. చిన్నప్పుడు ఆ వాగులో ఈతలు కొట్టాం. దాన్ని పూడ్చే మనకు స్థలాలిచ్చారు."

"తెలిసి ఇల్లెట్టా కట్టుకున్నావు మామయ్యా?"

"ఊళ్ళో మనకి ఇంకెక్కడిచ్చారు?"

మా ఇల్లూ ఆ గీత మీదే ఉంది. మళ్ళీ ముసురు పడితే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో...

మ్యాప్ మీద ఆ గోధుమరంగు గీతలేంటని మామయ్య అడిగాడు. నేల ఎత్తు తెలిపేవని చెప్పాను.

"మన సమాధులు ఎక్కడున్నాయో చూడు."

వెతికాను. ఊరికి ఉత్తరాన, దిబ్బ మీద ఉన్నాయి.

"అక్కడ ఎత్తేనా?"

"ఎత్తే మామయ్యా."

"అయితే మీ అత్తకి ఇంక భయం లేదులే," అని మ్యాప్ మడిచి నా చేతిలో పెట్టాడు.