ఆవగింజంత మందు

విశాఖపట్నం, శుక్రవారం.

కాశక్కకు తమ్ముడు నీలకంఠం దండాలు. తాయారును కాన్పుకు ఆసుపత్రిలో చేర్చాను. తను బాగానే ఉంది, భయమంతా నాదే.

నెలలు నిండి వారం దాటినా నొప్పులు రాలేదు. సోమవారం పొద్దున్న సూది వేసి రప్పిస్తామన్నారు. ఏం మందని నర్సమ్మను అడిగితే, "మెదడు కిందుండే గ్రంథిలో ఊరే మందేనయ్యా" అంది. మా చేపల ఫారంలో చేసే పనీ అదే అక్కా. ఒక చేప తల కోసి, మెదడు కింద ఆవగింజంత గ్రంథి తీసి, నూరి, గుడ్లతో ఉన్న చేపకు సూది వేస్తాం. వాన కురిసి నీళ్ళు చల్లబడితే తెల్లారేసరికి గుడ్లు పెట్టేస్తుంది. మొన్న వాన రాలేదు. నా చేత్తో సూది వేసిన బొచ్చె చేప గుడ్లు వదల్లేక, కడుపు బిగిసి చచ్చిపోయింది. బుద్ధిలేక ఆ సంగతి తాయారుకు చెప్పాను. "నానేటి సేపనా మావా?" అని నవ్వుతుంది గానీ, నా చెయ్యి మాత్రం వదలదు.

కార్డు అందగానే బస్సెక్కు. మెత్తటి పాత చీరలు, వాము తీసుకురా. గేదె ఈనిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

మనిషికి వానతో పనిలేదని నాకూ తెలుసు. అయినా గంటకోసారి బయటికెళ్ళి చూస్తున్నాను, ఇక్కడ మబ్బు జాడ లేదు. మీ సబ్బవరంలో చినుకు పడుతుంటే ఆగకు అక్కా, తడుస్తూనే రా.