వేరు కుంపటి

ఆదివారం, 14 జూన్

చెల్లాయికి,

అక్క దీవించి రాస్తున్నాను. ఇక్కడ నలుగురం క్షేమం. నలుగురంటే మేమిద్దరం, నువ్వు వదిలి వెళ్లిన ఎలుకలు రెండూ. ఎలుకలు కావు, మరుగుజ్జు హ్యామ్‌స్టర్లు అని నువ్వు వందసార్లు చెప్పావు. నా కంటికి మాత్రం తోకలేని ఎలుకలే.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోనులో నేను మొదలుపెడితే నువ్వు అందుకుంటావు, నువ్వు అందుకుంటే నేను ఆగను. కాగితం మీదైతే నా మాట పూర్తవుతుంది.

మీ కొత్త అద్దె ఇంటావిడ జంతువుల్ని రానివ్వదని, రెండు వారాలు చూసుకోమని పంజరం అప్పజెప్పి వెళ్లావు. మూడు నెలలైంది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల్సిన పని పడింది.

రెండూ ఒక తల్లి పిల్లలేనట కదా, పెద్దదీ చిన్నదీ అని పిలుస్తున్నాను. వీపు మీద నల్లచార లావుగా ఉన్నది పెద్దది. రోజూ సాయంత్రం కుట్టుమిషను మూసేసి గిన్నెలో గింజలు వేస్తాను. ఒకటే గిన్నె. నువ్వు రెండు పెట్టి వెళ్లావు. ఒకటి నేనే తీసి సూదులు వేసుకున్నాను. అక్కచెల్లెళ్లు ఒక కంచంలో తినలేరా అనుకున్నాను. మనం తోడికోడళ్లమంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు, సొంత అక్కచెల్లెళ్లనే అనుకునేవాళ్లు. మన నలుగురికీ పన్నెండేళ్లు ఒకటే పొయ్యి సరిపోయింది.

నీ గదిలో చిన్న స్టవ్వు పెట్టుకుంటానన్న రోజున, వేరు కుంపటి పెడుతున్నావా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. నువ్వు సామాను సర్దేశావు. పొద్దున్నే ఆస్పత్రి డ్యూటీకి వెళ్లేముందు, వంటింటి పక్కనే పడుకునే నాకు నిద్ర చెడకుండా టీ పెట్టుకుందామని అడిగావట. ఆ సంగతి మరిది మీ బావగారితో చెప్పాడు, అదీ మీరు వెళ్లాక. నాతో చెప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది!

సరే, ఎలుకల సంగతి. పెద్దది గింజలన్నీ రెండు బుగ్గల్లో కుక్కుకుని తన మూలకి పోయేది. చిన్నది ఖాళీ గిన్నె వాసన చూసి వెనక్కి తిరిగేది. పరుగెత్తడానికి పంజరంలో ఉన్న చక్రం అది ఎక్కితే పెద్దది తోసేసేది. ఆడుకుంటున్నాయని నేను ముచ్చటపడ్డాను. అది ఆట కాదేమోనే అన్నారు మీ బావగారు, కొయ్య కోస్తూ. మీ రంపమేదో మీరు చూసుకోండి అన్నాను.

గురువారం మధ్యాహ్నం కీచుమని అరుపు వినిపించింది. వెళ్లి చూస్తే చిన్నదానికి చెవి సగం లేదు. రంపపు పొట్టు మీద రక్తం. చెయ్యి పెడితే పెద్దది నన్నూ కరిచింది. చిన్నదాన్ని చెప్పుల పెట్టెలో పెట్టుకుని జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. మందు రాసి, బతుకుతుంది గానీ ఇక ఈ రెండూ ఒక పంజరంలో ఉండకూడదంది. మరి జన్మలో కలవవా అనడిగాను. కలవక్కర్లేదమ్మా, పక్కపక్కన ఉంటే చాలంది.

మీ బావగారు కొయ్యపనికి తెచ్చిన పలకలతో రెండో పెట్టె చేసి, ముందు పక్క జాలీ బిగించారు. ఇప్పుడు బల్ల మీద రెండు ఇళ్లు, రెండు చక్రాలు, రెండు గిన్నెలు. నా సూదులు బిస్కెట్ల డబ్బాలోకి మారాయి. చిన్నది కూడా బుగ్గలు నింపుకుంటోంది. దానికి అంత ఆకలుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇదీ సంగతి. నీ ప్రాణులు కాబట్టి నీకు తెలియాలని రాశాను, నాకు వేరే ఉద్దేశమేమీ లేదు. మరిదిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. తెలియదని రాసింది అబద్ధం. నువ్వు వెళ్లిన వారానికే చిన్నది చిక్కిపోతోందని డాక్టరమ్మకి చూపించాను. రెండు గిన్నెలు పెట్టండి, కొట్టుకుంటే విడదీయండి అని అప్పుడే చెప్పింది. తలూపి వచ్చి, ఒక్క గిన్నే పెట్టాను. రెండోది పెడితే, వేరే స్టవ్వు అడిగిన నీదే న్యాయమని ఒప్పుకున్నట్టవుతుందని నా బాధ. ఆ సగం చెవి నా మొండితనానికి పోయిందే చెల్లీ. మీరు లేక ఇల్లు బోసిగా ఉంది. నిన్న నీ గదిలో కిటికీ కింద స్టవ్వు పెట్టించాను. పొద్దున్నే టీ పెట్టుకో. నాకూ ఒక గ్లాసు పోస్తే తాగుతాను, పొయ్యకపోతే నా పొయ్యి నాకుంది.