డాక్టరును నేనే ఎంచుకుంట

జులై 6, సోమవారం
పొద్దుగాల ముసురు. ఒక బోరు మోటరుకు వైండింగ్ పూర్తి చేసిన. లేచేటప్పుడు గోడ పట్టుకున్న.
స్కానింగ్ చూసి జనగామ డాక్టరు చెప్పిండు: నడుముల డిస్కు జరిగి నరాన్ని ఒత్తుతున్నది. ఎడమకాలు మొద్దుబారుడు మొదలైంది. న్యూరోసర్జన్‌కు చూపియ్యాలె, నాన్చితే కాలు పట్టు తప్పుతది.
బామ్మర్ది నరేందర్ ఫోన్లనే తీర్పు చెప్పిండు: "బావా, నేను చెప్పినాయన తానికి పో. ఆయన దవాఖానకు ఐదంతస్తులు!"
అంతస్తులు చూసి నడుము అప్పజెప్ప. డాక్టరును నేనే ఎంచుకుంట. ముగ్గురిని చూస్త. అందరినీ ఇవే అడుగుత: ఆపరేషన్ లేకుండ తగ్గుతదా? ఇసొంటివి ఎన్ని చేసిండ్రు? చేసినంక మోటర్లు లేపొచ్చా? మంచిగ జవాబు చెప్పినోళ్లే నా డాక్టరు. ఆదివారం లోపల ఖాయం!

జులై 8, బుధవారం
ఎండ. హన్మకొండ. మొదటి డాక్టరు స్కానింగ్ వెలుతురుకు పట్టి చూసిండు.
"ఆపరేషన్ చేద్దామా?"
"సరే సార్."
మెట్లు దిగినంక ప్రశ్నలు గుర్తొచ్చినయి.
ఇంట్ల నా భార్య ఉమారాణి: "అడిగినవా?"
"ఆయన తొందరల ఉండె."
"రాగి తీగ కొనేకాడ దుకాణపాయనను గంట సతాయిస్తవు. నడుముకు నోరు పెగలదా?"

జులై 10, శుక్రవారం
వరంగల్. రెండో డాక్టరు. ఆయన అమ్మమ్మ ఊరు టేకుమట్లట. నాదీ టేకుమట్లనే! పత్తి, వానలు, ఎవరి చెలక ఎవరు కొన్నరు, అన్నీ మాట్లాడినం. నా పెండ్లిల గూడ నేను ఇంత మాట్లాడలే. "మనూరోళ్లే కదా, నేను చూసుకుంట" అన్నడు. నడుము ముచ్చట ఇద్దరం మరిచినం.

జులై 12, ఆదివారం
ఖాయం కాలే. గోలీలతో నొప్పి తక్కువనే ఉన్నది. మూడో డాక్టరు ఎందుకు? దసరా అయినంక చూద్దాం.
సాయంత్రం: కూరగాయలు తెచ్చిన. ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెల్వదు.
"చెప్పు పాతది, వదులైంది" అన్న.
ఉమారాణి కోపం చేయలే. కుడికాలి చెప్పు చేతుల పట్టుకొని చూసింది. "గిది ఎందుకు జారలే మరి?"
నేను కూరగాయల సంచి విప్పిన.
"రేపు నేను గూడ వస్తున్న."

జులై 13, సోమవారం
మబ్బు. దుకాణం తెరవలే. మళ్ల హన్మకొండ. ఈసారి డాక్టరమ్మ. మడిమల మీద నడవమన్నది. ఎడమ పాదం ముందు దిక్కు లేవలే. ఏం చేయించినా వారం దాటొద్దు అన్నది.
"ఇంకేమైనా అడుగుతారా?"
"ఏం లేదు మేడం."
ఉమారాణి గిల్లింది. తలుపుదాకా పోయి మళ్లిన. అనుకున్నది ఒక్కటీ గుర్తు రాలే. నోటికొచ్చింది అడిగిన: "మేడం, మీ నాయినకే గిట్లయితే ఎవరి తాన చేయిస్తరు?"
ఆమె నవ్వింది. "నాకు నేర్పిన సార్ దగ్గర." ఆయన పేరు రాసిచ్చింది. హైదరాబాదుకు ఫోన్ చేసి ఎల్లుండికి టైం గూడ ఇప్పించింది.
బస్సుల ఉమారాణి ఒకటే నవ్వుడు: "ముగ్గుర్ల ఒక్కరిని ఎంచుకో అంటే నాలుగో ఆయనను తెచ్చినవ్!"
"నాకు ఈ మేడమే నచ్చింది."
"నచ్చినామె మాట గూడ నచ్చాలె."
సరే. మళ్ల మొదటి నుంచి. ఎల్లుండి ఆ సార్ గదిలనే ఖాయం. కుర్చీల కూసోకముందే అడుగుత. ఉమారాణి గిల్లకముందే! ఇప్పుడే ఒకసారి పైకి చదువుకుంట: "సార్, ఆపరేషన్ లేకుండ..."
వాన వచ్చింది. ఉమారాణి కేకేస్తున్నది, దండెం మీది బట్టలు తియ్యాల్నట.