దారికి అడ్డంగా వేసిన కంప

ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలో కాపురమున్న, గొర్రెల కాపరి మస్తానయ్య భార్య అలివేలమ్మ అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఏమనగా:

నా మతి స్థిరంగానే ఉంది. మోకాళ్ళే స్థిరంగా లేవు. దస్తావేజులు రాసే విశ్వాసం పైన ‘స్వర్గీయ మస్తానయ్య’ అని రాయబోతే నేనే ఆపాను. ఆయన ఎక్కడున్నాడో తేలనిదే కాగితం మీద ఎట్లా రాస్తాం? ఒట్టి మస్తానయ్య అని రాయించాను.

నా కొడుకు వీరాంజనేయులు, కూతురు నాగమల్లేశ్వరి వాళ్ళ నాయన కర్మ దగ్గర పంతాలకు పోయి, అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. నా చావు దగ్గర మళ్ళీ అదే పంచాయితీ జరగకూడదని ఇది రాయిస్తున్నాను.

1. నా పేరిట ఉన్న మెట్టచేను నా తదనంతరం కొడుకుకూ కూతురికీ చెరి సగం. దాన విక్రయాది సర్వహక్కులూ వాళ్ళవే. గట్టు మీది వేపచెట్టును మాత్రం పంచుకోకూడదు. ఎండ వేళ ఇద్దరూ దాని కిందనే కూర్చోవాలి, మాట్లాడుకోకపోయినా సరే.

2. మందలోని గొర్రెలు, మేకలు వీరాంజనేయులుకు చెందుతాయి. నల్లముఖం ముసలి గొర్రెను కటికవాళ్ళకు అమ్మకూడదు. దానికి పళ్ళు ఊడిపోయాయి కాబట్టి తవుడు తడిపి పెట్టాలి.

3. మస్తానయ్య కప్పుకున్న నల్ల గొంగడి నాగమల్లేశ్వరికి. వాళ్ళ నాయన మొండితనం మొత్తం దానికే వచ్చింది, గొంగడి కూడా దానికే పోవడం న్యాయం. మడత విప్పితే ఇప్పటికీ నెగడు పొగ వాసన వస్తుంది. ఉతకవద్దు. నేను బతికి ఉన్నంతకాలం అడగవద్దు, రాత్రిళ్ళు అది లేకుండా నాకు నిద్ర పట్టదు.

4. మనవరాలు గోపికకు నా కాళ్ళ వెండి కడియాలు. కాలేజీలో నవ్వుతారనుకుంటే కరిగించి ఇంకేదైనా చేయించుకోవచ్చు. కరిగించేముందు ఒకసారి తొడుక్కుని ఇల్లంతా తిరగాలి. మందతో నడిచేటప్పుడు ఈ చప్పుడు వినే మీ తాత నేను వెనక వస్తున్నానని తెలుసుకునేవాడు. ఆ చప్పుడు కాస్త ఆగితే చాలు, తిరిగి చూసేవాడు.

5. నా మరిది మాలకొండయ్యకు వాళ్ళన్న తోలు చెప్పులు. అన్న శవం ఇంకా ఇంటి ముందర ఉండగానే, నమ్మనివాడికి స్వర్గం ఉండదు, నేరుగా నరకమే అని నలుగురిలో అన్నాడు. మా ఆయన నరకాన్ని కూడా నమ్మలేదు. నమ్మకపోతే స్వర్గం లేకుండా పోయేటట్టయితే నరకం మాత్రం ఎట్లా మిగులుతుంది? ఈ మాట ఆరోజే అడగాల్సింది. అన్న పోయిన దారి అంత రూఢిగా తెలిసినవాడు కాబట్టి చెప్పులు ఆయనకే పనికొస్తాయి. తోలు గట్టిదే.

6. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా తమ్ముడు పిచ్చయ్యది. వాడు అందరికీ సరే సరే అనే రకం. ఈ ఒక్కసారి అట్లా అనకూడదు.

7. ఈ కింది సంగతి ఆస్తి కాదు, వీలునామాలో పట్టదని విశ్వాసం అన్నాడు. పట్టేటట్టు రాయమన్నాను.

స్వర్గం లేదు, నరకం లేదు, తనకు కర్మ చేయవద్దని చెప్పి మరీ పోయాడు మస్తానయ్య. చేయాల్సిందేనని కొడుకు, నాయన మాట నిలబెట్టాలని కూతురు పట్టుబట్టారు. కర్మ జరిగింది, కూతురు రాలేదు. నాకు ఆనాటినుంచి ఒకటే దిగులు. నమ్మినవాళ్ళకే స్వర్గమైతే, నేను అక్కడికి పోయి ఎవరి పక్కన కూర్చోవాలి? ఆయన లేని చోట ఎన్ని సుఖాలుంటే నాకేం?

ఒక కరువు ఏడు గిద్దలూరు అవతల అడవికి మందను తోలుకుపోయాం. కొండ వెనక కుంట ఎండిపోయి ఉంటుంది, అటు పోవడం దండగ అన్నాడాయన. గొర్రెలు తడి వాసన పట్టి అటే లాగాయి. పోయి చూస్తే నీళ్ళున్నాయి. ఆయన లేవన్నాడని అవి ఇంకిపోలేదు. ఇంకో ఏడు తూర్పున వాన పడిందని కాపరులందరం నమ్మి పోయాం. అంతమంది నమ్మినా అక్కడ గడ్డిపరక మొలవలేదు. స్వర్గమైనా అంతే, మన నమ్మకంతో దానికి పనిలేదని ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, “కుంటంటే పోయి చూసినాం గదే. ఆడికి పోయినోడు ఎవుడన్నా తిరిగొచ్చి చెప్పినాడా?” అన్నాడు.

8. నా కర్మ వీరాంజనేయులు తనకు తోచినట్టు చేసుకోవచ్చు. నాగమల్లేశ్వరి నమ్మనక్కర్లేదు, వచ్చి నలుగురికీ అన్నం వడ్డిస్తే చాలు.

ఒక్క పని మాత్రం ఇద్దరూ కలిసి చేయాలి. మందతో కొత్త చోటికి పోయేటప్పుడు మీ నాయన ఒక పూట ముందే పోయి మేత చూసేవాడు, నేను మందను తోలుకుంటూ వెనక వచ్చేదాన్ని. దారి చీలిన చోట, తాను పోని దారికి అడ్డంగా పచ్చికొమ్మ విరిచి వేసేవాడు. అది చూసి నేను రెండో దారి పట్టేదాన్ని. ముందర మేత, నీళ్ళు లేకపోతే ఎంత దూరం నుంచైనా తనే వెనక్కి వచ్చి చెప్పేవాడు. మమ్మల్ని ఊరికే నడిపించిన మనిషి కాదు.

ఆయనను పూడ్చి వచ్చేటప్పుడు, పోయినవాళ్ళు వెంట రాకూడదని, ఆచారం ప్రకారం దారికి అడ్డంగా రేగుకంప వేసి వచ్చారు. వేసినవాళ్ళ తప్పేమీ లేదు. తరవాత పాలు పోయడానికని చెంబుతో ఒక్కదాన్నే పోయి, ఆ కంప చూసి ఆగిపోయాను. నాకు అక్షరాలు రావు గానీ ఆ గుర్తు వచ్చు. ఇటు రావద్దని ఆయనే వేసినట్టనిపించి వెనక్కి తిరిగాను. ఇంతవరకు ఆయన సమాధి చూడలేదు. ఆ కంప ఈపాటికి చెదలు పట్టి మట్టిలో కలిసిపోయి ఉంటుంది, నాకు మాత్రం ఇంకా అడ్డంగానే ఉంది.

కాబట్టి నన్ను మోసుకుపోయేటప్పుడు ఆ దారిలో ఒక రేగుకంప వేసి ఉంచి, కొడుకూ కూతురూ చెరోవైపు పట్టుకుని దాన్ని పక్కకు లాగాలి. ఆడపిల్ల ఆ దారిన రాకూడదని మాలకొండయ్య అంటే పై 5వ అంశం చదివి వినిపించాలి. నన్ను ఆయన పక్కనే పూడ్చి, తిరిగి వచ్చేటప్పుడు దారికి అడ్డంగా ఏమీ వేయకుండా రావాలి.

తిరిగొచ్చి చెప్పినవాడు ఎవడని అడిగాడు గదా. ఆయన లేని ఇంట్లో ఇన్నాళ్ళు ఒక్కదాన్నే కూర్చుంటే జవాబు దొరికింది. అక్కడ మేత లేకపోయి ఉంటే ఆయన ఎప్పుడో వెనక్కి వచ్చేవాడు.

పైదంతా చదివి వినిపించగా విని, నా మాటలేనని ఒప్పుకుని, సాక్షుల ఎదుట వేలిముద్ర వేశాను.

మార్కాపురం, 2024 నవంబరు 18.

అలివేలమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
సుబ్బయ్య, మా పక్క చేను రైతు
ఫెబీ, మా ఊరి అంగన్‌వాడీ టీచరు

రాసినవారు: విశ్వాసం, దస్తావేజు లేఖరి, మార్కాపురం