ముద్ర కొట్టిన తుపాకీ

శ్రీవారికి,

మీ భార్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, పిల్ల, మామయ్యగారు క్షేమంగానే ఉన్నాం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, జైల్లో ఉన్న మనిషికి ఆ మాట ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. వేళకు తింటున్నారని, చేతికి కట్టు మారుస్తున్నారని అనుకుంటాను. ప్రస్తుతానికి అంతకంటే పెద్ద క్షేమం మనకు అక్కర్లేదు.

మీ ఉత్తరం అందింది. అందింది గానీ, చదివేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఏ అక్షరం ఎక్కడ మొదలైందో, ఏది ఎక్కడ ఆగిందో తెలిస్తే కదా. పిల్ల నా పక్కన కూర్చుని కూడబలుక్కుని చదివింది. "ఎడమచేత్తో రాస్తే ఇంతేనా అమ్మా? మా బళ్లో ఒకటో తరగతి వాళ్లు నయం" అంది. ఏం చెప్పమంటారు? మన కొట్టు బోర్డు మీ చేత్తో రాసుకున్నదే. వీధిలో సగం బోర్డులు మీ చేత బతిమాలి రాయించుకున్నవే. కూరలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆ అక్షరాలన్నీ కనిపిస్తాయి. అందుకని ఈ మధ్య వెనక సందులోంచి వెళ్తున్నాను.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. కొట్టుకు వేసిన సీలు ఇంకా తీయలేదు. బాగుచేయమని ఇచ్చి లోపల చిక్కుకుపోయిన మోటార్ల కోసం, స్టవ్‌ల కోసం జనం ఇంటి మీదికి వస్తున్నారు. దర్జీ అయితే రోజూ వచ్చి గుమ్మంలో నిలబడతాడు. "మీ ఆయన తుపాకీ చేసుకుంటే చేసుకున్నాడు, మధ్యలో నా కుట్టుమిషనేం పాపం చేసింది వదినా?" అంటాడు. దానికి జవాబు మీ దగ్గర ఉంటే రాయండి, చూపిస్తాను.

కుడి చెవిలో హోరు ఎప్పుడు తగ్గుతుందో డాక్టరమ్మను కనుక్కోమన్నారు. కనుక్కున్నాను. తగ్గకపోవచ్చు అంది. చెంపలో ఉండిపోయిన ఇనుప ముక్క కంటికి బాగా దగ్గరగా ఉందట, కదిలితే మళ్లీ కోయాల్సి వస్తుందట. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు ఇక రావని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ ఇంకో మాట కూడా అంది. "ఇలాంటి చేతులు నేను ఇదివరకూ చూశాను. వచ్చినవాళ్లందరూ ఒకటే చెబుతారు, గొట్టం గట్టిదేనండీ అని." మీరూ స్పృహ రాగానే అన్న మొదటి మాట అదే. పిల్ల ఏదని కాదు, నేను ఎలా ఉన్నానని కాదు. గొట్టం గట్టిదేనన్నారు.

వరండా రేకుకు పడ్డ చిల్లి అలాగే ఉంది. వాన వస్తే కింద బకెట్టు పెడుతున్నాను. మీరు నడిపి చూస్తుంటే గొట్టం చీలి ఎగిరిన ఆ ముక్క పైకి పోకుండా పక్కకు వచ్చి ఉంటే, అక్కడ బట్టలు ఆరేస్తున్న నాకు తగిలేది. ఈ ఉత్తరం మీకు ఇంకెవరైనా రాసేవారు. ఆ సంగతి మీరు ఒక్కసారైనా అనుకున్నారో లేదో తెలియదు. నేను బకెట్టు పారబోసిన ప్రతిసారీ అనుకుంటున్నాను.

వకీలుగారిని కలిశాను. "చేలో పడే అడవి పందుల్ని బెదరగొట్టడానికే చేశానని గట్టిగా చెప్పమను" అని రాశారు కదా, అలాగే గట్టిగా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అమ్మా, చట్టం పందా మనిషా అని అడగదు. లైసెన్సు లేకుండా చేయడం ఒక నేరం, దగ్గర పెట్టుకోవడం ఇంకో నేరం, ఎవరికైనా ఇవ్వడం మరో నేరం. మీ ఆయన మొదటి రెండూ చేశాడు, మూడోది చేయబోయేలోపు చెయ్యి పోయింది" అన్నాడు. ఒక్కోదానికి ఏళ్లకేళ్లు పడుతుందట. ఇంట్లో అలాంటిది ఉందని తెలిసి నోరు మూసుకుని కూర్చున్నవాళ్లనూ వదిలిపెట్టరట. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పైగా ఎవరో పాత ఇనుములో పడేస్తే దొరికిందని ఇన్‌స్పెక్టరుకు చెప్పారట మీరు. ఆయన నన్ను పిలిచి బల్ల మీద ఆ విరిగిన ముక్కలు పెట్టి చూపించాడు. నడుమ మన కొట్టు ముద్ర, కింద "ఆరు నెలలు" అని గ్యారంటీ ముద్ర. "మీ ఆయన నిజాయితీగల మనిషేనమ్మా, పగిలిందని తెస్తే ఉచితంగా బాగుచేస్తాడా?" అని అడిగాడు. పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వు ఆపుకోలేక గోడకేసి తిరిగారు. ఏమండీ, లోకంలో దొంగతనంగా పని చేసేవాళ్లు ఎందరో ఉంటారు. చేసిన దొంగ పని మీద పేరు కొట్టుకుని, గ్యారంటీ ఇచ్చే మనిషి మీరొక్కరే. పని పూర్తయితే ముద్ర పడాలి, ముద్ర పడ్డాక సొంత చేత్తో నడిపి చూడాలి, ఆ తర్వాతే సరుకు గడప దాటాలి. తాతల నాటి నియమం అని ఎన్నిసార్లు విన్నానో. స్టవ్‌కు బాగానే ఉంటుంది ఆ నియమం.

అసలు ఒప్పుకోకుండా ఉండాల్సింది. వద్దని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆ మొక్కజొన్న ఆసామి, ఇంట్లో మనం పందుల ఆసామి అని పిలుచుకునే మహానుభావుడు, ముందు బతిమాలితే మీరు కాదనే అన్నారు. "నీ వల్ల కాదులే, దానికి పెద్ద పనివాడు కావాలి" అన్నాడు చూడండి, అక్కడ పడిపోయారు. ఒకటి చాలదన్నట్టు రెండు చేసిపెట్టారు. పోలీసులు ఎవరి కోసమని ఎన్నిసార్లు అడిగినా ఆయన పేరు మాత్రం చెప్పలేదట. మాట మీద నిలబడే మనిషి. ఆ నిలబడటమేదో నా మాట మీద నిలబడి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవారు.

ఇక మీ చివరి ప్రశ్న. "అటక మీది పాత దుప్పట్లు జాగ్రత్తగా ఉన్నాయా, ఎవరూ కదపలేదు కదా" అని రాశారు. ఎవరైనా జైలు నుంచి పాత దుప్పట్ల క్షేమం అడుగుతారా? మిమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు జాలీకి నోరు ఆనించి, రెండోది దుప్పట్లో చుట్టి అక్కడ పెట్టానని చెప్పారే, ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఈ ఉత్తరం మీకిచ్చే ముందు అక్కడి ఆఫీసువాళ్లు చదువుతారని తెలుసు. చదవనివ్వండి. దాచవలసింది ఏమీ మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో అదే ఇప్పుడు రాస్తున్నాను. ఇంతసేపూ దర్జీ గురించి, బకెట్టు గురించి రాసింది ఈ మాట దగ్గరికి రావడానికి కాళ్లు ఆడకే.

పోయిన వారం ముసురు పట్టింది. నేను వకీలుగారి దగ్గరికి వెళ్లిన సమయంలో పందుల ఆసామి మనింటికి వచ్చాడు. మీరెలా ఉన్నారని అడగడానికి కాదు. "ఒకటి పోతే పోయింది, ఆ రెండోదైనా ఇప్పించండి, పంట చేతికొచ్చే వేళ" అని మామయ్యగారిని అడిగాడు. రేపు వస్తానని చెప్పి వెళ్లాడు. తర్వాత మామయ్యగారికి చలేసి, దుప్పటి కోసం అటక ఎక్కారు.

నేను తిరిగొచ్చేసరికి వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏదో ఇనుము చప్పుడు. తోసి చూస్తే, ఆయన పాత బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ముందు విప్పిన దుప్పటి, చేతిలో అది. గుడ్డతో ముద్ర తుడుస్తున్నారు.

"కింద పెట్టండి మామయ్యగారూ" అన్నాను.

"ముద్ర పడింది గానీ నడిపి చూసినట్టు లేదమ్మాయ్. వాడు లేడు కదా, ఆ పని నేను చేసి ఇచ్చేస్తాను. పెరట్లోకి పోయి ఒక్కసారి చూస్తే సరిపోతుంది" అన్నారు.

ఎంత మామూలుగా అన్నారంటే, ఏ పొరుగింటి స్టవ్‌నో వెలిగించి చూస్తానన్నట్టు అన్నారు. కొడుకు చెయ్యి దానివల్లే పోయిందని ఆయనకు తెలుసు. తెలిసి కూడా, వాడు ఎక్కడో పొరపాటు చేసి ఉంటాడు, నేను చేయను అన్న నమ్మకం. మీకు ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు కళ్లారా చూశాను. లాక్కుందామంటే భయం, అరుద్దామంటే ఇంకా భయం.

అప్పుడు సంచిలో ఉన్న మీ ఉత్తరం గుర్తొచ్చింది. ఇదివరకు మీ ఉత్తరాలన్నీ నేనే పైకి చదివి వినిపించాను. ఆయనకు చూపు ఆనదని నెపం చెప్పుకున్నాను గానీ, ఆ రాత ఆయన కంట పడకూడదనే నా బాధ. ఆ రోజు తీసి ఆయన ముందు, ఆ దుప్పటి మీద పరిచాను. "మీ అబ్బాయి కూడా ఒక్కసారి చూస్తే సరిపోతుందనే అన్నారు" అన్నాను.

ఆయన కాగితం కళ్ల దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఎవరు రాశారిది, మన పిల్లేనా?" అని అడిగారు. మీరే రాశారని చెప్పాను. చేతిలోది మెల్లగా బల్ల మీద పెట్టి, ఆ చేతిని పంచెకు తుడుచుకుని, కాగితం పట్టుకుని కూర్చుండిపోయారు. ఆయన ఏడవడం నేను అత్తయ్యగారు పోయినప్పుడు కూడా చూడలేదు.

ఆయన్ను బయటికి తీసుకొచ్చి, గదికి తాళం వేసి, పోలీసులకు నేనే ఫోను చేశాను. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చాడీ చెప్పలేదు. నేనే చెప్పాను. ఇన్‌స్పెక్టరు వెంట ఆయుధాలు చూసే మనిషి ఒకాయన వచ్చాడు. మమ్మల్ని, ఇరుగుపొరుగువాళ్లను వీధి చివరకు పంపేసి లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. అది నింపి ఉందట. నింపిన సంగతి మీరు నాకు చెప్పలేదు. ఇదీ మొదటిదానిలాగే పట్టుకున్నవాడి చేతిలోనే చీలిపోయేదని ఆయన చెబుతుంటే, మామయ్యగారు నా భుజం పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఎవరూ అడగకుండానే, "మా కొట్టు సరుకే, ముద్ర మాదే" అని ఇన్‌స్పెక్టరుతో చెప్పి సంతకం పెట్టారు.

పందుల ఆసామి పేరు కూడా చెప్పాను. అన్న ప్రకారం మర్నాడు వచ్చాడు కదా, అప్పుడే అడిగాను, కాపలాకు మంచె మీద పడుకునేది ఎవరని. "మా పెద్దాడే" అన్నాడు. "అయితే మీవాడి చేతికి ఇద్దామనా?" అంటే గబగబా చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పోలీసులొచ్చి ఆయన్ను తీసుకెళ్లారు. ఆయన భార్య మనింటి ముందు నిలబడి శాపనార్థాలు పెట్టి వెళ్లింది. పెట్టుకోనీ. కొడుకు తన కుడిచేత్తో అన్నం తింటున్నాడు కదా.

వకీలుగారు నా మీద మండిపడ్డారు. ముందు తనకొక మాట చెప్పాల్సింది అన్నారు. మీ మీద ఇంకో కేసు కట్టారు, బెయిలు సంగతి మళ్లీ మొదటికొచ్చింది. దసరా సెలవులయి బడి తెరిచేలోపు ఇంటికి వస్తారని పిల్లకు చెప్పాను, ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీరు ఇంకొన్నాళ్లు అక్కడ ఉండేది నా వల్లే. ఆ మాట ఇంకెవరో మీకు చెప్పకముందే నేనే చెబుతున్నాను.

మీరంటే నాకు ఎంత కోపమో అంత ప్రేమ ఉంది. మీరు లేని ఇల్లు నాకు ఇల్లులా లేదు. అయినా మళ్లీ ఆ గది తలుపు తెరిస్తే మళ్లీ అదే పని చేస్తాను. మీరు ఏం నింపారో, ఎంత నింపారో నాకు తెలియదు. తలుపు తోసేసరికి మామయ్యగారి చెయ్యి దాని మీద ఉంది, అంతే నాకు తెలుసు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. ఎడమచేత్తోనే తిట్టండి, ఎంత వంకరగా ఉన్నా చదువుకుంటాను. రోజూ ఒక పేజీ రాస్తే చెయ్యి కుదురుకుంటుందని పిల్ల చెప్పమంది, దాని పాత కాపీ పుస్తకం ఒకటి ఈ ఉత్తరంతో పంపుతోంది.

మామయ్యగారు ఇప్పుడే దర్జీ తెచ్చిన కత్తెరకు సాన పడుతున్నారు. ఇక్కడి నుంచి నాకు కనిపిస్తున్నారు. ఈ మధ్య ఇదొక అలవాటైంది నాకు, పని మధ్యలో తలెత్తి ఆయన వేళ్లు లెక్కపెట్టుకుంటాను. పదీ ఉన్నాయి.

ఇట్లు,
మీ మీద అలిగి, మీ కోసమే ఎదురుచూసే
మీ ఇల్లాలు