కాగితం మీద లేని పిల్ల

చెల్లాయికి,

పెద్దన్నయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. నీ కూతురు పిచ్చుక బాగుంది, మీ వదిన బాగుంది, నా నోరు మరీ బాగుంది. నువ్వక్కడ ఆస్పత్రి దుప్పట్లు ఉతికేటప్పుడు ఆ రబ్బరు తొడుగులు వేసుకుంటున్నావనే అనుకుంటున్నాను. వేసుకోకపోతే మీ సూపర్‌వైజరుకి నీ పేరు మీద పితూరీ ఉత్తరం రాస్తాను, నా సంగతి నీకు తెలుసు.

కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు వేసి, పరీక్ష పేపరులాగా వాటికి నంబర్లు కూడా ఇచ్చావు. ఎనిమిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టినవాణ్ణి, నంబర్లు చూస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. అయినా వరసగానే రాస్తాను.

ఒకటి, వదిన మోకాలు. తగ్గింది. మొన్న ఆవిడ చెప్పుల్లో ఒకటి తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద దాచాను. కుంటకుండా వీధి చివరిదాకా తరిమింది. ఇంతకన్నా డాక్టరు పరీక్ష ఏముంటుంది?

రెండు, పిచ్చుక చెవి మిషను. కొత్త బ్యాటరీ వేయించాం. ఎడమవైపు నుంచి పిలిస్తే తిరుగుతోంది. కుడివైపు నుంచి మాత్రం నువ్వు వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కానీ దొంగపిల్ల, "పడుకో" అంటే ఏ వైపు నుంచీ వినబడదు, "బిస్కట్టు" అంటే రెండు వైపుల నుంచీ వినబడుతుంది.

మూడు, ముందు బెంచీలో కూర్చోబెడుతున్నారా అన్నావు. కూర్చోబెడుతున్నారు. టీచరమ్మ మొదటి రోజు నుంచీ తన ఎదురుగానే పెట్టుకుంది.

నాలుగు, టీచరమ్మ ట్రైనింగు నుంచి వచ్చాక పిచ్చుకకి కొత్తగా ఏం నేర్పుతోందని అడిగావు. దీనికి జవాబు కాస్త ఆగి రాస్తాను. ముందు నన్ను కోప్పడనీ. ఫోన్లో చెప్పచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను, ఇద్దరికీ ఉపయోగం లేదు.

పోయిన వారం డిక్టేషను పెట్టారు. పది మాటలు. నేను గంట కొట్టడానికి వరండాలో నిలబడి కిటికీలోంచి చూస్తున్నాను. టీచరమ్మ మంచి పిల్లే, కానీ అందరికీ వినబడాలని గది అంతా తిరుగుతూ చెబుతుంది. ఆవిడ ఇటు తిరిగి చెప్పిన మాట పిచ్చుక ఆవిడ పెదాలు చూసి రాసింది. అటు తిరిగినప్పుడల్లా పెన్సిలు పట్టుకుని ఆగిపోయింది. పదికి మూడు. ఆ మూడూ తప్పు లేకుండా రాసింది చెల్లాయ్, దస్తూరీ ముత్యాల్లా ఉంది. మిగతా ఏడూ దానికి రాక కాదు. ఆ ఏడింటికీ మనిషి వీపే కనబడింది.

టీచరమ్మకీ ఈ సంగతి తెలుసు. ఏడాది నుంచీ అంటూనే ఉంది. "బాబాయ్, ఇలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో నాకెవరైనా నేర్పితే పదిసార్లయినా కూర్చుని నేర్చుకుంటాను. ఎవరు నేర్పుతారు?"

ఎవరు నేర్పుతారు! మా బడికి ట్రైనింగులకి కరువా? ఏడాదికి నాలుగు వస్తాయి. వచ్చినప్పుడల్లా పెద్దసారు, అదే మా హెడ్మాస్టరు, డ్రాయింగు మాస్టారినే పంపిస్తాడు. ఎందుకంటే ఆయన లేకపోతే ఏ క్లాసూ ఆగదు. లెక్కల ట్రైనింగుకి ఆయనే, సైన్సు ట్రైనింగుకి ఆయనే, ఆడపిల్లల ఆరోగ్యం మీద ట్రైనింగుకీ ఆయనే వెళ్ళొచ్చాడు. వెళ్ళి వచ్చాక ఏం నేర్చుకున్నారు సార్ అని అడిగితే "కుర్చీలు బాగున్నాయయ్యా" అంటాడు. గోడకి బ్యానరు కడతారు, తెర మీద ఉన్నది తెర వైపు తిరిగి చదువుతారు, ఒక పెన్నూ ఒక ప్యాడూ ఇస్తారు, ఫొటో తీసి పంపించేస్తారు. వాళ్ళకి ఫొటో ముఖ్యం. పనిచేసే టీచరమ్మ క్లాసు వదిలి కదలలేదు, కదలగలిగిన వాడికి పని లేదు. ఈ ఏర్పాటు కనిపెట్టిన తలకాయ ఎవరిదో నాకు చూడాలని ఉంది.

ఇక సర్క్యులర్ల సంగతి. ఆఫీసు నుంచి కవరు వస్తే పెద్దసారు విప్పడు. నా చేతికిచ్చి "నోటీసు పుస్తకంలో అంటించి తిప్పవయ్యా" అంటాడు. నేను ఆ పుస్తకం పట్టుకుని క్లాసు క్లాసుకీ వెళతాను. లోపల పాఠం, గుమ్మంలో నేను. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఒక కన్ను పిల్లల మీద పెట్టి రెండో కంటితో సంతకం చేస్తారు. చదివేవాళ్ళు లేరు. ఆ కాగితాల్లో ఉండేది కూడా అంతే, ఫలానా వివరాలు పంపండి, ఫలానా ఫొటోలు పంపండి, ఆలస్యమైతే సంజాయిషీ ఇవ్వండి. ఇచ్చే మాట ఎప్పుడూ ఉండదు.

ఇది చూసి నాకు చెయ్యి దురద పుట్టింది. మూడు నెలల కిందట స్టోరు రూములో పాత టైపు మిషను మీద నేనే ఒక నోటీసు కొట్టాను. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, రేపటి నుండి ఉపాధ్యాయులందరూ గంట కొట్టు ఉద్యోగి కనబడగానే లేచి నిలబడవలెను." తొమ్మిది మంది సంతకం పెట్టారు చెల్లాయ్! తొమ్మిదికి తొమ్మిది! మర్నాడు స్టాఫ్ రూములోకి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం, లేవరేం? సంతకాలు పెట్టారుగా" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. పెద్దసారు మాత్రం "ఏదో ఒక రోజు నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు.

దాంతో నాకు కొమ్ములొచ్చాయి. రెండోది కంప్యూటరు షాపులో ఆఫీసు తలకట్టుతో సహా వేయించాను. డ్రాయింగు మాస్టారు పాఠం మధ్యలో ఆవులిస్తే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని. అప్పటి నుంచీ మావాళ్ళు ఏ నోటీసు వచ్చినా ముందు నా మొహం చూడడం మొదలుపెట్టారు.

ఇక్కడిదాకా నవ్వి ఉంటావు. ఇక నవ్వకు.

నెలన్నర కిందట ఒక కవరు వచ్చింది. ఎప్పటిలాగే పెద్దసారు విప్పలేదు. ఎప్పటిలాగే నేను అంటించి తిప్పాను. టీచరమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, ఈసారి మాత్రం చదివింది. చదివి పకపకా నవ్వింది. "బాబాయ్, ఇది మాత్రం అదిరింది. నా మనసులో ఉన్నదంతా ఎలా రాశావు?" అని సంతకం బదులు ఒక నవ్వు మొహం బొమ్మ గీసి ఇచ్చింది.

నేను ఆ కాగితం చదవలేదు. ఆవిడ మెచ్చుకుంటోంది, అది చాలు నాకు. నాది కాదని చెప్పలేదు. మీసం మెలేసి, "మరేమనుకున్నావు నన్ను?" అని పక్క క్లాసుకి పోయాను. చదవకుండా సంతకం పెట్టినవాళ్ళని చూసి ఊరంతా చెప్పుకుని నవ్వినవాణ్ణి, చదవకుండా మెప్పు జేబులో వేసుకున్నాను.

నెల గడిచింది. పక్క బడి వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర కలిసి, "మా బడికి బుధవారం బుధవారం ఒక మేడమ్ వస్తోంది. చెవులు వినబడని పిల్లాడు ఒకడున్నాడు, వాడి కోసం. మా టీచరు కూడా పది రోజులు నేర్చుకుని వచ్చింది. మీకు రాలేదా కాగితం?" అన్నాడు. టీ గ్లాసు అక్కడే వదిలేశాను.

పరుగెత్తుకెళ్ళి నోటీసు పుస్తకం తీశాను. కూడబలుక్కుని చదివాను. వినికిడి తక్కువ ఉన్న పిల్లలకి చెప్పే టీచర్లకి పది రోజుల శిక్షణ. రానూపోనూ ఖర్చులు వాళ్ళవే. ఆ పది రోజులూ క్లాసు చూడడానికి వేరే టీచరుని వాళ్ళే పంపుతారు. తర్వాత ఏడాదిపాటు వారానికి ఒకసారి ఆ చదువు చదివిన మనిషి బడికి వస్తుంది. టీచరు మెడలో మైకు, పిల్ల చెవికి నేరుగా మాట చేరే మిషను కూడా ఇస్తారు. పేరు శుక్రవారంలోగా పంపాలి. ఆ కాగితం కింద టీచరమ్మ గీసిన నవ్వు మొహం.

అది టీచరమ్మకి చూపించాను. తను గీసిన నవ్వు మొహం మీద వేలు పెట్టి అంది. "నువ్వు రాశావనే అనుకున్నాను బాబాయ్. ఇంత మంచి మాట ఆఫీసు వాళ్ళు రాస్తారని ఎలా అనుకుంటాను?"

నాకు కోపం ఎక్కడొచ్చిందో తెలుసా? ఇక్కడే. నా మీద వచ్చింది, అది వేరే. కానీ ఒక టీచరుకి నిజంగా సాయం చేస్తామని కాగితం వస్తే అది వేళాకోళంలా కనబడిందంటే, అంతకుముందు ఇరవై ఏళ్ళ నుంచీ వీళ్ళు ఎలాంటి కాగితాలు పంపి ఉంటారు?

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఇంకా ఘోరం విను. ఆ గడువు శుక్రవారమే ఆఫీసు నుంచి ఫోన్ చేసి "మీ బడిలో అలాంటి పిల్లలు ఉన్నారా?" అని అడిగారట. ఈయన "నిల్ రాసుకోండి" అన్నాడట.

"నిల్ ఏంటి సార్? మా మేనకోడలు రోజూ మీకు గుడ్‌మార్నింగ్ చెబుతోంది కదా!"

"గుర్తు రాలేదయ్యా. అయినా ఉన్నారంటే పది పేజీల ఫారం వస్తుంది. లేరంటే ఒక్క ముక్కతో పోతుంది. ఎప్పుడూ అంతేగా."

ఎప్పుడూ అంతేనట! పిల్ల ముందు బెంచీలో ఉంది, చెవికి మిషనుంది, జడకి రిబ్బనుంది, కాగితం మీద మాత్రం పిల్ల లేదు.

మర్నాడు పిచ్చుకని వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకి పోయాను. గుమాస్తా ఫైలు తిప్పి, "మీ బడి నిల్. అలాంటి పిల్లలు లేరు" అన్నాడు. "ఇదుగో, లేని పిల్ల. మీ బల్ల మీదున్న గోళంలో సముద్రాలు లెక్కపెడుతోంది, చూడండి" అన్నాను. ఆయన తలెత్తకుండానే "నీ పేరేంటమ్మా?" అన్నాడు. పిచ్చుక పలకలేదు. మళ్ళీ ఫైల్లోకే చూస్తూ అడిగాడు. "పిల్ల మొండిదిలా ఉందే" అన్నాడు. నేను బల్ల గట్టిగా చరిచాను. ఆఫీసంతా లేచింది. "అయ్యా, తల ఎత్తి అడగండి. దానికి మీ మొహం కావాలి!" ఆయన తలెత్తి అడిగాడు. అది వెంటనే పేరు, తరగతి, బడి పేరు, అడక్కుండానే మన వీధి పేరు కూడా చెప్పేసింది. లోపలి గదిలోంచి ఆఫీసరమ్మ బయటికొచ్చింది. అంతా విని, ఆ శిక్షణకి రెండో జట్టు వచ్చే నెల ఒకటో తారీకున మొదలవుతుందనీ, ఒక్క చోటు ఖాళీ ఉందనీ చెప్పింది. అయితే ఇరవయ్యో తారీకులోగా రెండు కాగితాలు కావాలంది. నిల్ అని చెప్పింది తప్పని బడి నుంచి ఒకటి, పిల్ల తల్లి చేత్తో రాసి సంతకం పెట్టింది ఒకటి. మేనమామ సంతకం పనికిరాదట.

బడి కాగితానికి పెద్దసారు బేరం పెట్టాడు. తప్పు తనదని రాయడట. దొంగ సర్క్యులర్లు సృష్టించి బడిని తికమక పెట్టానని నేను నా చేత్తో రాసిస్తే దాన్ని జతచేసి పంపుతాడట. కవరు విప్పనిది ఆయన, నిల్ అన్నది ఆయన, తప్పు గంట కొట్టేవాడిది! నోటి దాకా వచ్చింది ఒక మాట. కానీ రెండో తరగతి కిటికీలోంచి పిచ్చుక నా మొహమే చూస్తోంది. అది నా పెదాలు చదువుతుంది కదా, మింగేశాను. రాసిచ్చాను, బడి కాగితం ఆఫీసుకి చేరింది. ఆయన నన్ను మూడు నెలలు బడి గేటు లోపలికి రావద్దన్నాడు. వదినకి చెప్పాను. ఆవిడ తిట్టలేదు, అందుకే భయంగా ఉంది.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్నకి జవాబు. టీచరమ్మ ట్రైనింగుకి వెళ్ళలేదు. నా కిందటి ఉత్తరంలో వెళ్ళొచ్చిందని రాశాను, అది అబద్ధం. టీ కొట్టు దగ్గర ఆ మాట విన్న సాయంత్రమే నీ పాత ఉత్తరం తీసి చూశాను. "ఆ టీచరమ్మకి ఎవరైనా నేర్పే ఏర్పాటు ఉందా అన్నయ్యా?" అని ఉంది. ఉండేది, నేను పోగొట్టాను అని రాయడానికి చెయ్యి రాలేదు. నేను చాలామందిని ఆటపట్టించాను గానీ, చెల్లాయ్, నీకు అబద్ధం రాసింది మాత్రం ఆట కాదు, పిరికితనం.

నువ్వు రాయాల్సింది పెద్దదేం కాదు. "ఈ పిల్ల నా కూతురు. దీనికి చెవులు సరిగా వినబడవు. ఈ బడిలో రెండో తరగతి చదువుతోంది." ఈ మూడు ముక్కలు రాసి, కింద తారీకు వేసి, పూర్తి పేరుతో సంతకం పెట్టు. పెట్టేముందు ఒకసారి చదువుకో. ఈ ఉత్తరం అందిన రోజే పోస్టు చేస్తే ఇరవై లోగా చేరుతుంది. టీచరమ్మ ఇప్పటికే బట్టలు సర్దుకుంది.

నన్ను తిట్టాలని ఉంటే తిట్టు, ఎంత కావాలంటే అంత తిట్టు. కానీ ఆ తిట్లు వేరే కాగితం మీద రాయి. సంతకం ఉన్న కాగితం ఆఫీసుకి వెళ్ళాలి.

ఇట్లు,
నీ కూతురికి మేనమామని అని చెప్పుకోవడానికి నీ జవాబు వచ్చేదాకా ఆగుతున్న
పెద్దన్నయ్య